కలాపత్తి ఎవరి మాట

మా తాత ఇస్రాయేలుకి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. టీలో పంచదార ఎక్కువైనా వస్తుంది, తక్కువైనా వస్తుంది. సరిగ్గా సరిపోతే, ఇవాళ ఎవరికి ఏం కావాలో అన్న అనుమానంతో వస్తుంది. కానీ ఆయన కోపాలన్నిటికీ పెద్దన్న లాంటి కోపం ఒకటుంది. అది మస్కట్ దాపున అల్ హైల్ ఒడ్డున, ఒక ఇటలీవాడి మీద, ఒక్క మాట దగ్గర పుట్టింది. మాటంటే తిట్టు కాదు. తిట్టయితే తిరిగి రెండు తిట్టి, హాయిగా అన్నం తినేసేవాడు.

తాతది కాకినాడకి దిగువన తాళ్ళరేవు. అక్కడ చెక్క ఓడలు కడతారు. కట్టే వడ్రంగులు వేరు, కట్టిన ఓడలోకి నీళ్ళు రాకుండా చూసేవాళ్ళు వేరు. తాత రెండో రకం. దూదిని తొడ మీద పేని, నూనెలో తడిపి, పలకకీ పలకకీ మధ్య సందులో ఉలితో నొక్కి, కొయ్యసుత్తితో దట్టించడం ఆయన పని. దానికి మా వైపు పేరు కలాపత్తి. ఆ రేవులో ఒక కట్టుబాటు ఉంది. ఓడ మొదటిసారి నీళ్ళలో దిగేటప్పుడు దానికి కలాపత్తి చేసినవాడు అడుగున కూర్చోవాలి. మునిగితే ముందు తడిసేది వాడే. అంతకంటే పెద్ద పూచీకత్తు ఏ బ్యాంకువాడూ ఇవ్వలేడని తాత గర్వం.

ఓడల పని పల్చబడ్డాక, తొంభై మూడులో ఏజెంటు ఆయన్ని కార్పెంటర్ అని రాయించి ఒమన్ పంపించాడు. ఘాలాలో కంపెనీ క్యాంపు. తెల్లారేసరికి బస్సు, ఆ తర్వాత సైటు, సైటులో సెంట్రింగు. కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించడం, అది గట్టిపడగానే ఆ చెక్కల్నే ఊడబీకడం. 'పెళ్ళి చేసి, మర్నాడే విడాకులిప్పించే కొలువు' అనేవాడు తాత. తన చేత్తో బిగించినదేదీ నిలవకపోవడం ఆయనకి మొదటి అవమానం.

రెండో అవమానం పేరుతో వచ్చింది. క్యాంపు బాస్ హాజరు పిలుస్తూ, అరబ్బుల గడ్డ మీద పైకి అనరాని ఆయన పేరు దగ్గర ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి 'నువ్వు' అన్నాడు. ఆ రోజు నుంచి ఘాలాలో మా తాత పేరు 'నువ్వు'. బాప్తిస్మంలో పాదిరిగారు పెట్టిన పేరు పెట్టెలో పెట్టుకుని తిరగాల్సి వచ్చిందని ఆయన ఉడికిపోయేవాడు.

ఒకరోజు సెంట్రింగు చెక్కల సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోతున్నాయి. చూస్తూ ఊరుకోవడం తాత వల్ల కాలేదు. తలకి చుట్టుకున్న తుండు చింపి, పీలికలు పేని, మేకు మొనతో సందుల్లో కూరడం మొదలుపెట్టాడు. ఫోర్‌మన్ వచ్చి హిందీలో అరిచాడు, ఇదేమన్నా ఓడనుకున్నావా అని.

"ఓడైతే నిన్నెక్కనిత్తానేటి" అన్నాడు తాత తెలుగులో.

పక్కన పికప్ ఆపుకుని నిలబడ్డ వహీద్‌కి నవ్వాగలేదు. వహీద్‌ది కడప. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కంపెనీలో ఇంగ్లీషు, చెక్‌పోస్టు దగ్గర అరబ్బీ మాట్లాడేవాడు. కంపెనీ ఇంజినీరుకి డ్రైవరు. ఆ ఇంజినీరే సిల్వానో, జెనోవా అనే రేవు ఊరివాడు. ఆయన అల్ హైల్ ఒడ్డున ఒక పాత చెక్క ఓడ కొని, దాన్ని బాగుచేయించే పిచ్చిలో ఉన్నాడు. తుండు పీలికల సంగతి వహీద్ ఆయన చెవిన వేశాడు. మర్నాడు బస్సు ఎక్కబోతున్న తాతని పికప్‌లో ఎక్కించుకుని తీసుకుపోయారు.

ఒప్పందం వహీద్ నోట విన్నాడు తాత.

"చూడన్నా, ఈ ఓడ నీళ్ళలో నిలబడితే నువ్వింక ఘాలాకి పోయే పనిలేదు. మా ముదీర్‌కి, అదే ఈ ఇంజినీరు సారుకి, ఇంకా నాలుగు పాత పడవలుండాయి. అన్నీ నీకే. నిలబడకపోతే మళ్ళా అదే బస్సు, అవే చెక్కలు."

తాత ఓడ చుట్టూ తిరిగాడు. పలక మీద వేలితో కొట్టి విన్నాడు. ఒమన్ వచ్చాక మొదటిసారి ఆయన మొహంలో కోపం లేదని వహీద్ తర్వాత అందరికీ చెప్పాడు. ఎంతసేపు లేదో మాత్రం చెప్పలేదు.

ఓడ బాగుకి పెద్ద మేస్త్రి రషీద్. సూర్ ఊరివాడు, తెల్ల గడ్డం, చిన్నప్పటి నుంచి ఓడల మీద బొంబాయి, కాలికట్ తిరిగి హిందీ నేర్చినవాడు. తాత పేరు అడిగాడు. తాత తల తిప్పుకుని చెప్పాడు. రషీద్ ఏమాత్రం ఉలకలేదు. "అది యాకూబ్ ప్రవక్తకి ఇంకో పేరు కదా. నిన్ను యాకూబ్ అంటాను" అన్నాడు. 'నువ్వు' కంటే ఇది మేలే. అయినా తాతకి చురుక్కుమంది. ఈ దేశంలో తన పేరు కూడా ఇంకొకడు సర్ది పెట్టాలా అని.

పని మొదలైంది. తాత సుత్తి దెబ్బ ఒక్క వరసలో టంగుటంగున మోగుతుంటే సిల్వానో వచ్చి పక్కన కూర్చునేవాడు. ఒకరోజు సంతోషం పట్టలేక తాత భుజం తట్టి ఏదో అన్నాడు. వహీద్ తెలుగు చేశాడు.

"ఈ పనిని వాళ్ళ భాషలో కలఫతారే అంటారంట అన్నా. మీరు గూడా కలాపత్తి అంటారని నేను చెప్పినా. ఆయన చానా సంతోషపడినాడు. మా మాట మీ ఊరి దాకా పోయింది చూడు అంటున్నాడు."

సుత్తి ఆగింది.

"ఎవరి మాట?"

"వాళ్ళదంట. పాత లాటిన్ భాషలో వేడి చేయడం అనే మాట ఉందంట. అందులోంచి పుట్టిందంట. తారు కాగబెట్టి ఓడకి పూస్తారు గదా, అందుకని."

తాత లేచి నిలబడ్డాడు. ఉలి పక్కన పెట్టాడు. సుత్తి మాత్రం పెట్టలేదు.

"నువ్వు సెప్పు ఆయనకి. కలం అంటే ఓడ. మా ముత్తాతల నాటి తెలుగు. పత్తి అంటే పత్తి. ఓడకి పెట్టే పత్తి కలాపత్తి. పసిపిల్లోడికైనా తెలుత్తాది. మా నాన్న సెప్పేడు, ఆయనకి ఆళ్ళ నాన్న సెప్పేడు. వేడెక్కడిది ఇందులో?"

దూరంగా ఖర్జూరం నములుతున్న రషీద్ కూడా వచ్చాడు. "మీరిద్దరూ ఎందుకు పోట్లాడతారు? అది అరబ్బీ మాట. కల్ఫత అంటాం. కిల్ఫ్ అంటే చెట్టు బెరడు. పూర్వం బెరడూ నారా కూరేవాళ్ళం" అన్నాడు, పోయిన వస్తువు తన సంచీలోనే దొరికినవాడిలా.

సిల్వానో నవ్వాడు. నవ్వుతూనే తల అడ్డంగా ఊపి, వేడి, వేడి అని చేత్తో మంట గీసి చూపించాడు. ఆ నవ్వే కొంప ముంచింది. కార్పెంటర్ అని రాసినప్పుడు తాత ఊరుకున్నాడు. 'నువ్వు' అన్నప్పుడు ఊరుకున్నాడు. యాకూబ్‌కి సర్దుకున్నాడు. సముద్రం దాటొచ్చిన ఆయన దగ్గర ఆ ఒక్క మాటే మిగిలింది. దాన్ని కూడా ఒక తెల్లోడు జేబులో వేసుకుని, పైగా పంచిపెట్టినవాడిలా భుజం తట్టాడు.

"సెప్పు వహీదూ. మా పనిలో నిప్పు లేదు. నూనె, దూది, దెబ్బ. అంతే. నిప్పుతో పనున్నోళ్ళు ఆళ్ళ మాట ఆళ్ళుంచుకోమను."

రషీద్ కనుబొమలు పైకి లేచాయి. "యాకూబ్, దూది పైన ఏం పూస్తావు మరి? మేం సున్నం, మేక కొవ్వు కలిపి కాచి పూస్తాం."

"నా సేతి దెబ్బకి పైపూతక్కర్లేదు."

రషీద్ నాలుకతో ట్చ్ అని ఊరుకున్నాడు. పెద్దవాడు, ఓడల్నీ చూశాడు, మొండివాళ్ళనీ చూశాడు.

ఆ వారమే తాత ఇంటికి క్యాసెట్ పంపాడు. ఉత్తరం రాయడం ఆయనకి పడదు. టేప్ రికార్డర్ ముందు కూర్చుంటే మాత్రం రెండు వైపులా నిండేదాకా ఆగడు. ఇటలీవాడిని తానెలా కడిగి ఆరేశాడో, కలాపత్తిలో నిప్పు లేదని ఒడ్డంతా వినేలా ఎలా చెప్పాడో, మధ్యలో దగ్గుతో సహా రికార్డు చేసి, సెలవు మీద యానాం వెళ్తున్న ఒకతని చేతికిచ్చాడు.

ఓడ దింపే రోజు వచ్చింది. పోటు మీద సముద్రం నిండుగా ఉంది. తాత కట్టుబాటు ప్రకారం అడుగున దిగి కూర్చున్నాడు. బయట రషీద్ మనుషులు దుంగల మీద ఓడని నెట్టారు. ఒక్క ఊపు ఊగి ఓడ తేలింది. బయట చప్పట్లు వినిపించాయి.

లోపల తాత అరిచెయ్యి పలకల మీద పెట్టి కూర్చున్నాడు. కొత్తగా దిగిన ఓడ కాస్త చెమర్చడం మామూలే. పలక నీళ్ళు తాగి ఉబ్బితే అదే ఆగుతుంది. మొదట చెమర్చింది. తర్వాత కారింది. తర్వాత ఒక సందులో దూది, కుండలోంచి పిల్లి తల పెట్టి చూసినట్టు మెల్లగా బయటికొచ్చింది. దాని వెనకే నీళ్ళు.

మడమలు మునిగాయి. పిక్కలు మునిగాయి. తాత పిలవలేదు. దూది వచ్చినచోటల్లా వేలు పెట్టి నొక్కుతూ, వేళ్ళు చాలక మోకాలు కూడా పెట్టి, సముద్రాన్ని తిడుతూ కూర్చున్నాడు. చివరికి వహీద్ పైనుంచి తొంగిచూసి, "అన్నా, ఓడలో నీళ్ళా, నీళ్ళలో ఓడనా" అని అడిగేదాకా.

ఓడని మళ్ళీ ఒడ్డుకి లాగారు. సిల్వానో ఒక్క మాట అనలేదు. అదే తాతకి ఎక్కువ మండింది. మాట అనివుంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. ఆయన వెళ్ళి, రోడ్డు పనివాళ్ళ దగ్గర్నుంచి ఒక తారు పీపా తెచ్చి ఓడ పక్కన పెట్టి, దాన్ని చూపించి ఊరుకున్నాడు.

"శనివారం పొద్దున పోటు ఉందంట, మళ్ళా ఇంత నీళ్ళు ఇప్పట్లో రావంట" అన్నాడు వహీద్. "అప్పటికి కాకపోతే, ఆ పొద్దుటి బస్సులోనే నిన్ను ఘాలాకి పంపమన్నాడు. బస్సు ఇక్కడికే వస్తాదంట."

"రోడ్డుకి పూసేది ఓడకి పూత్తారా? ఈ ఎండకి కారిపోయి సేపలకి పూత్తాది" అన్నాడు తాత. అన్నాడే గాని, గొంతులో మునుపటి జోరు లేదు.

యానాం అతను తిరిగొచ్చి క్యాసెట్ ఇచ్చింది ఆ సాయంత్రమే. వహీద్ రూములో టేప్ రికార్డర్ ఉంది. ఆ రూములో ఆరుగురు మనుషులూ ఉన్నారు. రషీద్ కూడా టీకి వచ్చి ఉన్నాడు. తాత ఒక్కడే వింటానంటే ఎవరూ కదల్లేదు. గల్ఫులో ఒకరి క్యాసెట్ అందరి సినిమా.

మా నాయనమ్మ రూతమ్మ గొంతు ఖంగుమని మోగింది.

"ఏవయ్యా, నీ కేసెట్టు యిన్నాను. మన వీధంతా యిన్నారు. కలాపత్తిలో నిప్పు లేదని తెల్లోడితో సెప్పేవంట. మరయితే నేను పెళ్ళయి వొచ్చిన కాణ్ణించీ ఆ రేవులో పొయ్యెట్టి కాసిందేటి? పాయసమా? నా సేతుల మీద ఈ మచ్చలేటి? దోమలు కుట్టినయ్యా? నువ్వు కొట్టిన దూది మీద నేను గుగ్గిలం కాసి పొయ్యకపోతే నీ దూది సేపలు పీక్కుతింటాయి. నువ్వు గుగ్గిలం పొయ్యకుండా ఓడ దింపేత్తావేమో, నీకంత తెలివున్నాది. దింపబోకు. దింపేవంటే మునుగుద్ది. మునిగిందని నాకు మళ్ళీ కేసెట్టు పంపబోకు, నాకు పనులున్నాయి."

తర్వాత క్యాసెట్ నిండా కీర్తనలు. కోపం వచ్చినప్పుడు ఆవిడ ఒక వైపంతా పాటలు పాడి పంపేది.

రూములో ఒకడు దిండులో మొహం పెట్టి నవ్వుతున్నాడు. వహీద్ కళ్ళు తుడుచుకుంటూ రషీద్‌కి హిందీలో చెప్పాడు. రషీద్ టీ గ్లాసు కింద పెట్టి, "యాకూబ్, నీ భార్య చెప్పేది మేం కూడా చెప్పాం. మేం నీ భార్యలం కాదు కాబట్టి నువ్వు వినలేదు" అన్నాడు.

అసలు సంగతేమిటంటే, తాళ్ళరేవులో మగవాళ్ళు దూది కొడతారు, ఆడవాళ్ళు గుగ్గిలం కాస్తారు. దూది కొట్టడం పని. గుగ్గిలం కాయడం వంట. వంటని పనిలో లెక్కేసే అలవాటు మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరికీ లేదు. అందుకని మా పనిలో నిప్పు లేదని తాత అన్నది పచ్చి అబద్ధం కూడా కాదు, పాపం. ఆయన నిజంగానే మర్చిపోయాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కోపం ఎవరి మీదికి తిప్పాలో తెలియక, టీలో పంచదార లేదని వహీద్‌తో పోట్లాడాడు.

మర్నాడు మత్రా బజారులో గుజరాతీ కొట్టు నుంచి గుగ్గిలం తెచ్చారు. తాత ఒడ్డున పొయ్యి పెట్టాడు. పొగ లేస్తుంటే సిల్వానో రావడం చూసి, "ఇది నీ మాట కోసం కాదు, నా ఓడ కోసం" అని ముందే తెలుగులో చెప్పేశాడు. సిల్వానో బాగుంది బాగుంది అన్నట్టు తలూపాడు.

మొదటి కుండ మాడింది. రెండో కుండ మాడలేదు, కానీ సందుల్లో పోశాక వేరుశనగ అచ్చులా గట్టిపడి, ఎండెక్కేసరికి పటపటమని పగిలింది. నూనె ఎంత పోయాలి, ముందా తర్వాతా, ఎప్పుడు దించాలి, తాతకి ఏదీ తెలియదు. పాతికేళ్ళు ఆ కుండకి వీపు పెట్టి కూర్చుని దూది కొట్టాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు.

"ఫోన్ చేద్దాం పదన్నా" అన్నాడు వహీద్.

"నేనడగను."

"అయితే శనివారం బస్సులో కిటికీ పక్క సీటు చూసుకో."

గురువారం మధ్యాహ్నం ఇద్దరూ కార్డు ఫోను దగ్గరికి వెళ్ళారు. తాళ్ళరేవులో ఎస్టీడీ బూత్ పెద్దులుది. అతను నాయనమ్మకి దూరపు బావ వరస. కబురు పంపి, కాసేపాగి మళ్ళీ చేయమన్నాడు. ఆ కాసేపట్లో బూత్ దగ్గరికి ఎంతమంది చేరారో, ఫోన్ ఎత్తగానే తాతకి గుసగుసల చప్పుడు వినిపించింది.

"ఎవరండి మాట్టాడేది?" అంది నాయనమ్మ, ఎవరో బాగా తెలిసి.

"నేనే."

"నేనే అంటే ఎవరండి? మా వూళ్ళో నేనేలు శానామంది."

"ఇస్రాయేల్ని."

"ఆయ్, నిప్పు లేని పనోరాండి? సెప్పండి."

తాత గొంతు సవరించుకున్నాడు. "గుగ్గిలానికి నూనెంత?"

"దేనికి?"

"ఓడకి."

"కలాపత్తికా? అందులో కాసే పని లేదుగా."

"ఉందిలే."

"యినపళ్ళేదు. పెద్దులు బావా, నీకినపడిందా? ఆయనకీ యినపళ్ళేదంట."

"ఉందే. నీ పనుంది. సగం నీదే."

"సగవా?"

"సగం మీద ఇంకాస్త. సెప్పవే, ఇక్కడ కార్డు అరిగిపోతంది."

"అరగనీ. నా సేతులరగలేదా?" అంది ఆవిడ. తర్వాత గొంతులో నవ్వు పోయింది. "ఏవయ్యా, ఒక్క ఓడ దింపిన్నాడైనా నన్ను లోపల కూసోబెట్టేరా? నువ్వు కూసున్నావు, మీ నాన్న కూసున్నాడు. ఆడది ఎక్కితే ఓడకి మంచిది కాదన్నారు. నా గుగ్గిలం మాత్రం ఎక్కొచ్చు. ముప్పై ఓడలకి పోసేనో నలభైకి పోసేనో. ఒక్కటీ ఎక్కనియ్యలేదు. ఇప్పుడు మాటెవరిదో అని తెల్లోడితో తగువెట్టుకున్నావా? ఆ మాటలో నన్నెక్కడ పెట్టేవు నువ్వు?"

ఈ కథ తాత చెప్పినప్పుడు ఈ చోట ఎప్పుడూ బీడీ వెలిగించుకోవడానికి ఆగేవాడు. నాయనమ్మ చెప్పినప్పుడు ఆగేది కాదు.

"నూనె ముందు పొయ్యబోకు" అంది ఆవిడే. "గుగ్గిలం కరిగి నురుగు పడతాది. నురుగు సచ్చేదాకా సూడు. అప్పుడు నూనె, సన్నగా, కలుపుతా పొయ్యి. అరిసెల పాకం సూసినట్టు సూడు. సుక్క నీళ్ళలో ఏత్తే ఉండ కావాల. గోరు పెడితే గోరు దిగాల, అంటుకోకూడదు. తీగ సాగితే లేత. పటుక్కుమంటే ముదురు. అక్కడ ఎండెక్కువన్నావుగా, ఇక్కడకంటే నూనె కొంచెం ఎక్కువే పడతాది. కుండకి వీపెట్టి కూసోబోకు."

కార్డు అయిపోయింది. ఫోను కూ అంటూనే ఉంది, తాత పట్టుకునే ఉన్నాడు. వహీద్ మెల్లగా చేతిలోంచి తీసి తగిలించాడు.

శుక్రవారం పొద్దుట తాత పొయ్యి ముందు కూర్చున్నాడు, కుండకి ఎదురుగా. నురుగు చచ్చేదాకా చూశాడు. నూనె సన్నగా పోశాడు. ఎండ నెత్తిమీద, నిప్పు మొహం మీద. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా కుండ మీంచి చూపు తిప్పలేదు. చుక్క నీళ్ళలో వేసి, ఉండ చేసి, గోరు పెట్టి చూసి, పారేసి, మళ్ళీ వేశాడు. ముంజేతి మీద ఒక చుక్క చింది బొబ్బ లేచింది. దాన్ని అలా చూస్తూ కాసేపు కూర్చున్నాడు. నాలుగోసారి గోరు దిగింది.

సందులన్నీ పూసి, కుండ అడుగంటా గీకుతున్నప్పుడు సిల్వానో వచ్చాడు. ఆయన మొహం చిన్నబుచ్చుకుని ఉంది. జెనోవాలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, పెద్ద నిఘంటువులు తిరగేయించాడట. వహీద్ చెప్పాడు.

"అన్నా, ఆ మాట మాదే అని గట్టిగా చెప్పలేం అంటున్నాడు. వేడి లోంచి పుట్టిందని పాతోళ్ళు కొందరన్నారంట. చానామంది అరబ్బీ అంటారంట, గ్రీకు అనేటోళ్ళు గూడా ఉండారంట. ఇంకా తేలలేదంట."

రషీద్ గడ్డం నిమురుకున్నాడు. ఆయనకిందులో కొత్తేమీ కనపడలేదు.

తాత గరిటె పట్టుకుని లేచాడు. మసితో నల్లబడ్డ మొహంలో కళ్ళు రెండూ నిప్పుల్లా ఉన్నాయి.

"నిప్పు రాజేసి, సేతులు కాల్చుకుని, ఊరందరి ముందూ నోరు మూయించుకున్నాక ఇప్పుడా సెప్పేది? నిన్న సెప్తే ఏం పోయింది? ముందు తెలీకుండా మాదీ అని భుజం తట్టడవెందుకు?"

"ఆయన ఇంకోటి అడుగుతుండాడు" అన్నాడు వహీద్, జాగ్రత్తగా. "నీ కలం, పత్తి సంగతి మళ్ళా ఒకసారి నిదానంగా చెప్పమంటున్నాడు. తమ్ముడికి చెప్తాడంట."

"సెప్పను. పట్టుకెళ్ళి మీదంటారు."

వహీద్ దీన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాడో తెలియదు. సిల్వానో మాత్రం తల గోక్కుని, తారు పీపాని తన చేత్తోనే పక్కకి దొర్లించుకుంటూ వెళ్ళాడు.

శనివారం తెల్లవారుతుంటే పోటు వచ్చింది. దుంగలు సర్దారు. తాత ఓడ ఎక్కబోతూ ఆగి, వెనక్కి వెళ్ళి, పొయ్యి మీది గుగ్గిలం కుండ చంకన పెట్టుకొచ్చాడు. మసి, జిగురు, అడుగున పగులు. శుభ్రంగా కడిగించిన తన ఓడలోకి ఆ కుండ ఎందుకని సిల్వానో చేతులు తిప్పుతూ అడిగాడు.

"అది కూడా పన్జేసింది. కూసోనీ" అన్నాడు తాత. నిచ్చెన దిగి, కుండని పక్కన నిలబెట్టి, తను కూర్చున్నాడు.

ఓడ నీళ్ళలోకి జారింది. ఊగింది. తేలింది.

తాత అరిచెయ్యి పలక మీద పెట్టాడు. తడి లేదు. ఇంకో పలక. లేదు. మొన్న దూది తల పెట్టిన సందు మీద బుగ్గ ఆనించి చూశాడు. అవతల సముద్రం తడుముతోంది, లోపలికి దారి దొరకడం లేదు. ఒక మూల కాస్త చెమర్చింది. అది చూస్తుండగానే నిలిచింది.

"యాకూబ్, నీళ్ళా?" అని బయటినుంచి రషీద్ పిలిచాడు.

తాత పలకలేదు.

"అన్నా, ఉన్నావా?" అన్నాడు వహీద్.

ఉన్నాడు. కాళ్ళు చాపుకుని ఉన్నాడు. పొడిగా ఉన్న అడుగు చెక్క మీద, కుండ పక్కన, గుగ్గిలం వాసన పీలుస్తూ ఉన్నాడు. జవాబు చెబితే బయటికి రమ్మంటారు. వస్తే మళ్ళీ అందరూ మాట్లాడతారు. అంతలో ఒడ్డు మీద కంపెనీ బస్సు వచ్చి ఆగింది. ఘాలా పోయే మనుషులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు.

సిల్వానో తన ఇస్త్రీ ప్యాంటుతోనే నిచ్చెన దిగి లోపలికి వచ్చాడు. చీకట్లో వెతికి, పలకల మీద చెయ్యి రాసి చూసుకున్నాడు. పొడి చెయ్యి. నవ్వుతూ ఏదో అడిగాడు. తాత వేలు పెదాల మీద పెట్టి, అవతలి పలక చూపించాడు, ఇంకా చూడాల్సింది ఉందన్నట్టు. చూడాల్సిందేమీ లేదు.

బస్సు మళ్ళీ హారన్ కొట్టింది. ఈసారి పొడుగ్గా, విసుగ్గా. రషీద్ నీళ్ళలో మోకాలి లోతున నిలబడి, పొమ్మని దానికి చెయ్యి ఊపాడు. డ్రైవరుకి అర్థం కాక ఇంకోసారి కొట్టాడు. రషీద్ రెండు చేతులూ ఊపాడు. బస్సు గేరు మార్చి, ఇసుక రేపుకుంటూ ఘాలా దారి పట్టింది. ఆ చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా తాత ఓడ అడుగునే కూర్చున్నాడు.